రిజిస్టర్‌లో 18 కంప్యూటర్లు, క్లాసులో 11: బడి ల్యాబ్ సమస్యలు - పరిష్కారాలు

పోయినేడు బడుల వివరాలు ప్రభుత్వానికి పంపే యూడైస్ ప్లస్ ఫారంలో 'పనిచేసే కంప్యూటర్లు' అన్న గడిలో 18 అని రాశాను. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె హైస్కూలు. తర్వాతి వారమే ఎనిమిదో తరగతి పిల్లలతో అన్నీ ఒకేసారి ఆన్ చేయిస్తే పది నిమిషాలకు మిగిలినవి 11. రాసింది అబద్ధం కాదు. ఒక్కోదాన్నీ విడిగా ఆన్ చేసి చూసినప్పుడు 18 వెలిగాయి మరి. చూసిన పద్ధతే తప్పు.

అప్పటినుంచి లెక్క మార్చాను. నెలకోసారి, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, పిల్లలు కూర్చుని ఉండగా అన్నీ కలిపి ఇరవై నిమిషాలు నడపాలి. ఎన్ని నిలిచాయి, పాఠం మొదలయ్యేలోపు ఎన్ని నిమిషాలు పోయాయి, ఈ రెండే నోటుపుస్తకంలో రాస్తున్నాను. అలా బయటపడినవే కింద రాస్తున్నవి.

ఒక వరుస మొత్తం ఒకేసారి ఆరిపోతోంది

మా ఏడూ పోయింది ఇందుకే. ఒక్కో డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి సుమారు 100 వాట్లు లాగుతుంది. ఏడింటికి 700. ఆ వరుసకున్న 1 కేవీఏ యూపీఎస్ మోసేది మహా అయితే 800. దానికే ఆఫీసు వాళ్ళు లేజర్ ప్రింటర్ తగిలించారు, కరెంటు పోయినా హాల్ టికెట్లు ఆగకూడదని. ప్రింటర్ వేడెక్కే ఆ కొన్ని క్షణాల్లో వందల వాట్లు లాగుతుంది, యూపీఎస్ చేతులెత్తేస్తుంది. ప్రింటర్‌ను మామూలు ప్లగ్గుకు మార్చాం. ఖర్చు సున్నా.

ఓవర్‌లోడ్ లేకపోయినా కరెంటు పోయిన రెండు నిమిషాలకే యూపీఎస్ కుయ్యిమంటూ ఆగిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. మన ఎండలకు అవి త్వరగా పోతాయి. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. వేసవి సెలవుల్లో మెయిన్ ఆపేసి తాళం వేసి వెళ్తే, జూన్‌లో తెరిచేసరికి అది చచ్చి ఉంటుంది. సెలవుల ముందు నిండా చార్జ్ చేయండి, మధ్యలో నెలకోసారి ఎవరైనా వచ్చి ఒక పూట ఆన్ చేయాలి. వరసగా కలిపిన బ్యాటరీల్లో ఒక్కటి పోతే, పాతవాటి మధ్య కొత్తది ఒక్కటి వేయించకండి. పాతవి దాన్నీ తినేస్తాయి.

"సార్, ముట్టుకుంటే జిమ్మంటాంది"

పిల్లలు ఈ మాట అన్నారంటే అదే క్షణం మెయిన్ ఆపండి. మిగతా సమస్యలన్నీ రేపు చూసుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు.

కారణం చాలావరకు ఎర్తింగ్. ఎర్త్ లేని కంప్యూటర్ డబ్బా మీద కొద్దిగా కరెంటు నిలిచే ఉంటుంది, చెప్పుల్లేని కాళ్ళకు అది ముందు తెలుస్తుంది. మన జిల్లాలో ఏడాది సగటు వానే దాదాపు 550 మిల్లీమీటర్లు. వేసవికి నేల ఎండి, ఎర్త్ గుంత చుట్టూ తేమ ఉండదు. తేమ లేని మట్టిలోకి కరెంటు సరిగ్గా దిగదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో ప్లగ్గు పాయింట్లో మూడు కొలతలు తీయించండి. ఫేజ్-న్యూట్రల్ మధ్య 230 వోల్టుల దగ్గర, ఫేజ్-ఎర్త్ మధ్య కూడా ఇంచుమించు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. కంప్యూటర్లు నడుస్తుండగా చివరిది పదుల్లో కనిపిస్తే ఎర్త్ తీగ తెగిందనో, తుప్పు పట్టిందనో అర్థం. మా దగ్గర గుంత పక్కన క్లాంప్ తుప్పు పట్టి ఊడివచ్చింది. క్లాంప్ మార్చి, గుంతలో బొగ్గూ ఉప్పూ కొత్తగా వేయించాం. ఎండాకాలం వారానికి రెండు బకెట్ల నీళ్ళు పోసే పని అటెండర్‌కు అప్పజెప్పాం. చెట్లకే నీళ్ళు లేవంటే గుంతకు పోస్తారా సార్ అని నవ్వాడు గానీ, పోస్తున్నాడు. ల్యాబ్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి.

నెట్ ఉంది, వీడియో మాత్రం గిరగిరా తిరుగుతోంది

కంపెనీకి ఫోన్ చేసేముందు లాప్‌టాప్‌ను లాన్ వైరుతో రౌటర్‌కు కలిపి స్పీడ్ చూడండి. తర్వాత వైర్ తీసేసి క్లాసులో వైఫై మీద చూడండి. రెండుచోట్లా తక్కువే వస్తే తప్పు లైనుది. వైరులో బాగుండి క్లాసులో పడిపోతే తప్పు మనదే.

మా బడిలో తప్పు మాదే. దొంగల భయంతో రౌటర్‌ను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు! బయటికి తీసి గోడకెత్తితే సగం సమస్య పోయింది. మిగతా సగం పాత రాతి గోడలది. వాటిని దాటి వైఫై సరిగ్గా రాదు, 5 గిగాహెర్ట్జ్ వైఫై అయితే మరీ కష్టం. ల్యాబ్‌కు క్యాట్ 6 రకం లాన్ వైరు లాగాం, 100 మీటర్ల లోపు దూరానికి అది చాలు. ఒక్కో వీడియోకు ఒకటిన్నర ఎంబీపీఎస్ నెట్ స్పీడ్ అనుకుంటే 18 మందికి 27 కావాలి. అంత రాని బళ్ళు పాఠాలుండే ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాన్ని ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు.

'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని ఒక్క కంప్యూటరే మొరాయిస్తే తెర మూలన తేదీ చూడండి. ఏళ్ళ వెనక్కి పోయి ఉంటే లోపలి సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేసి తేదీ సరిచేస్తే చాలు.

ఐఎఫ్‌పీ (క్లాసు గోడకున్న పెద్ద టచ్ తెర) మీద గీతలు వాటంతటవే పడుతున్నాయి

బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో వచ్చిన ఈ ప్యానెళ్ళకు దయ్యం పట్టిందని పిల్లలంటారు. వేలిని పసిగట్టే పరారుణ కిరణాలు చట్రం అంచుల్లోంచి వస్తాయి. అక్కడ సుద్దపొడి, ఎర్రమట్టి దుమ్ము పేరుకున్నా, కిటికీ ఎండ నేరుగా పడినా ఇలాగే అవుతుంది. ఆపేసి పొడిగుడ్డతో అంచులు తుడవండి, కిటికీకి కర్టెన్ వేయండి. అప్పటికీ పోకపోతేనే కంప్లైంట్.

అన్నీ బాగున్నాయి, అయినా ల్యాబ్ మూసే ఉంది

నోటుపుస్తకంలో ఎక్కువసార్లు సున్నా పడింది దీనివల్లే. తాళంచెవి ఒక్కటే, అది నా జేబులో. నేను ట్రైనింగ్‌కో ఎలక్షన్ డ్యూటీకో వెళ్తే ల్యాబ్‌కూ సెలవే. రెండో తాళంచెవి చేయించి లెక్కల మేడంకు ఇచ్చాను. నేను లేని శుక్రవారం ఆమె రాసిన లెక్క: 17 నడిచాయి, పోయిన నిమిషాలు 4.