ఓటీటీ అకౌంట్ పంచుకోనివ్వకపోతే ఏం చేయాలి?

టీవీ మీద ‘ఈ పరికరం మీ ఇంటి అకౌంట్‌లో లేదు’ అని వస్తే యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటూ కూర్చోకండి, లాభం లేదు. గొడవ పాస్‌వర్డ్‌తో కాదు. నెట్‌ఫ్లిక్స్ అయితే ఐపీ అడ్రస్ (మీ నెట్ కనెక్షన్ నంబరు), పరికరాల ఐడీలు, అకౌంట్ వాడకం చూసి మీ ‘ఇల్లు’ ఏదో తేలుస్తుంది. అంటే వాళ్ల లెక్కలో ఇల్లంటే మనుషులు కాదు, వైఫై! హాస్టల్లో ఉండే మా చెల్లి సొంత చెల్లెలే అయినా వాళ్లకు బయటి మనిషే. 2017లో ‘ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమే’ అని ట్వీట్ చేసిన ఆ కంపెనీయే 2023 మేలో వందకు పైగా దేశాల్లో ఇలా గేటు వేసింది. ఒళ్లు మండదా మరి?

సరే, పని చూద్దాం. ముందు అకౌంట్ సెట్టింగ్స్‌లో పరికరాల జాబితా తెరవండి. ఎప్పుడో అమ్మేసిన ఫోను, రూమ్ వదిలి వెళ్లిపోయిన రూమ్మేట్ టీవీ అక్కడ ఇంకా కనిపిస్తాయి. అన్నీ సైన్ అవుట్ చేసి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ మార్చండి.

విడిగా ఉండేవాళ్లను తీసేసే ముందు, నెట్‌ఫ్లిక్స్‌లో అయితే వాళ్ల ప్రొఫైల్‌ను కొత్త అకౌంట్‌కు బదిలీ చేయండి. చూసినవి, దాచుకున్న లిస్టు అన్నీ వాళ్లతోపాటే కొత్త అకౌంట్‌కు వెళ్తాయి. ఇది మర్చిపోతే సగంలో ఆపిన సిరీస్ ఎక్కడిదాకా చూశారో వెతుక్కోవాలి. కొంత అదనంగా కట్టి ‘ఎక్స్‌ట్రా మెంబర్’గా చేర్చుకోవచ్చు కానీ, అది అన్ని దేశాల్లో, అన్ని ప్లాన్లకూ దొరకదు.

నాకు నచ్చిన పద్ధతి వేరే. ఒకేసారి నాలుగు యాప్‌లకు కట్టను. నెలకు ఒకటే. తీసుకున్న రోజే ఆటో రెన్యువల్ ఆపేస్తాను. డబ్బు కట్టిన నెల పూర్తయ్యేదాకా మామూలుగానే నడుస్తుంది. ఉచిత ట్రయల్ అయితే జాగ్రత్త, కొన్నిచోట్ల రద్దు చేయగానే ఆగిపోతుంది. మళ్లీ చేరితే పాత ప్రొఫైల్ ఉండదేమోనని టెన్షన్ పడక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ కొన్ని నెలల దాకా దాచి ఉంచుతుంది. ఏడాది ప్లాన్ చవకని ఊరిస్తారు గానీ, మీరు చూసేది క్రికెట్ సీజన్ ఒక్కటే అయితే అది దండగే.

రద్దు బటన్ కనపడకపోతే డబ్బు ఏ దారిన కట్టారో గుర్తు చేసుకోండి. గూగుల్ ప్లే ద్వారానో, యాప్ స్టోర్ ద్వారానో కట్టి ఉంటే అక్కడే రద్దు చేయాలి. ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన బిల్లు ఆగదు. రద్దయినట్టు మెయిల్ వచ్చాకే పని అయినట్టు. రాకపోతే రద్దయినట్టు చూపించే పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు మళ్లీ డబ్బు కట్ అయితే కస్టమర్ కేర్‌కు చూపించడానికి అదే ఆధారం.