గురుత్వ త్వరణం 9.8 రావడం లేదా? తప్పు గాలిదా, గడియారానిదా

బంతిని వదిలి, పడిన ఎత్తుకు రెట్టింపును కాలం వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం, అంటే పడే వస్తువు వేగం సెకను సెకనుకూ ఎంత పెరుగుతుందో, వస్తుంది. మీటర్లు, సెకన్లలో కొలిస్తే అది సుమారు 9.8 రావాలి. గాలి ఈ విలువను తగ్గించగలదే గానీ పెంచలేదు. కాబట్టి మీకు వచ్చింది 9.8 కన్నా ఎక్కువో తక్కువో ముందు చూసుకోండి.

సమస్య: 11, 12 వస్తోంది.
కారణం: బంతిని వదిలాక స్టాప్‌వాచ్‌ను ఆలస్యంగా మొదలుపెట్టారు. 2 మీటర్లు పడటానికి పట్టేదే 0.64 సెకను. అందులో 0.05 సెకను జారిపోయినా విలువ 11.5కి ఎక్కుతుంది.
పరిష్కారం: ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీయండి. చెయ్యి విడిచిన ఫ్రేము నుంచి నేల తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 240తో భాగించండి. ఎత్తును బంతి అడుగు నుంచి కొలవాలి, మధ్య నుంచి కాదు.

సమస్య: వీడియోతో కొలిచినా 9.1 దాటదు.
కారణం: బహుశా టేబుల్ టెన్నిస్ బంతి వాడారు. ఇది నిజంగా గాలి పనే. 40 మిల్లీమీటర్ల వ్యాసం, 2.7 గ్రాముల బరువే ఉన్న ఆ బంతి సెకనుకు సుమారు 9 మీటర్ల వేగం దగ్గర ఇక వేగం పెంచుకోలేదు. అదే దాని అంత్య వేగం. 2 మీటర్లు పడేసరికే సెకనుకు 6 మీటర్ల దాకా వస్తుంది గనక అప్పటికే గాలి గట్టిగా అడ్డుపడుతుంటుంది. గాలి లేకుంటే 153 ఫ్రేములు, ఉంటే 159. తేడా ఆరు ఫ్రేములే. చేత్తో నొక్కే గడియారానికి ఇది అందదు.
పరిష్కారం: అదే సైజు ఉక్కు గుండు వాడండి, కింద దిండు వేసి. గాలి అడ్డు అంతే, బరువు మాత్రం వంద రెట్లకు దగ్గర.

సమస్య: నాలుగు కాగితపు కేకు కప్పులు ఒకదానిలో ఒకటి పెట్టి వదిలితే, ఒక్క కప్పుకు పట్టిన కాలంలో సగం రావడం లేదు.
కారణం: గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బరువు నాలుగింతలైతే అంత్య వేగం రెండింతలవుతుంది. కానీ మీరు వదిలిన క్షణం నుంచే కొలిచారు. వేగం పుంజుకునే దూరం బరువు కట్టకు ఎక్కువ.
పరిష్కారం: మొదటి అర మీటరు వదిలేసి, అక్కడి నుంచి కొలవండి.

సమస్య: కాగితం పక్కకు ఊగుతూ పోతోంది.
పరిష్కారం: దానికన్నా పెద్ద పుస్తకం మీద పరచి, పుస్తకాన్ని అడ్డంగా వదలండి. రెండూ కలిసే పడతాయి. కాగితం అంచు ఏమాత్రం బయటికి వచ్చినా గాలి దాన్ని లేపేస్తుంది.