ఫ్యాన్లు తిరిగినా తెర వెలగలేదు

తమ్ముడు కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. మదర్‌బోర్డు అంచున ‘డీర్యామ్’ అని రాసి ఉన్న చిన్న దీపం ఆరడం లేదు. అంటే ర్యామ్ (కంప్యూటర్ పని చేస్తూ వాడుకునే మెమరీ) దగ్గర చిక్కుందన్నమాట. కరెంటు తీసి చూశాను. ఒక ర్యామ్ పట్టీ కొన దాన్ని గుచ్చే స్లాట్‌లోంచి వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. చాలా బోర్డుల్లో ర్యామ్‌ను పట్టి ఉంచే గొళ్లెం ఒకవైపే ఉంటుంది. రెండో వైపు కంటితో చూసుకోవలసిందే. ఉన్న రెండు ర్యామ్ పట్టీలనూ తీసి, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో కొనలు గట్టిగా నొక్కి కూర్చోబెట్టాను. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో జత ర్యామ్‌కు సాధారణంగా అవే సరైన చోట్లు.

ఆన్ చేసినా వెంటనే ఏమీ రాలేదు. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్‌ను బోర్డు మొదటిసారి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అప్పుడు స్విచ్ ఆపకూడదు. మావాడికి అంత ఓపిక ఎక్కడిది, చెయ్యి పట్టుకుని ఆపాను! కాసేపటికి దీపం ఆరి, బయోస్ (కంప్యూటర్ మొదట నడిపే సెట్టింగుల ప్రోగ్రామ్) తెరమీద 32 జీబీ ర్యామ్ కనిపించింది.