పాత గ్రామఫోన్ రికార్డుల మీది రాతలు చదవడం – 4: మాయమైన అడ్డగీత

కిందటి పాఠంలో ‘మురికి తుడిచి చూడండి’ అని రాసి, దేనితో తుడవాలో చెప్పలేదు. కొందరు స్పిరిట్ వాడారు. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులో ఉండేది లక్క. స్పిరిట్ తగిలితే కరుగుతుంది, పోయిన నునుపు తిరిగి రాదు. ముందే చెప్పకపోవడం నా తప్పు. మెత్తని పొడి బ్రష్షు చాలు. సుద్దపొడి కూడా వద్దు, గాళ్లలో దిగబడుతుంది.

లేబులు మీది అచ్చు మీరే చదువుకోగలరు. ఎక్కువమంది తడబడింది లేబులుకీ చివరి గాడికీ మధ్యనుండే మ్యాట్రిక్స్ నంబరు దగ్గర, అంటే అది ఏ రికార్డింగో తెలిపే సంఖ్య దగ్గర. 7ను 1 అని రాశారు. భూతద్దం మార్చినా 1 గానే కనబడిందట. కనబడుతుంది మరి, దీపం ఉన్నచోటనే ఉంది కదా!

అరిగిన గీతను మనకు చూపించేది దాని నీడ. వెలుతురు గీతకు అడ్డంగా తగిలితేనే నీడ పడుతుంది. గీత వెంబడే సాగిపోతే నీడ ఉండదు, గీత ఉన్నట్టే తెలియదు. టార్చి ఎడమవైపు పెట్టారనుకోండి. 7 తలమీది గీత కూడా ఎడమనుంచి కుడికే పోతుంది కాబట్టి అది మాయమై కాలు ఒక్కటే మిగులుతుంది. అదే మీ 1. టార్చిని అంకె తలవైపుకు తెస్తే పైగీత తేలుతుంది, కాలు మసకబారుతుంది. 2కు అడుగుగీత పోతే 7 అనిపిస్తుంది. H నడుమ గీత పోతే 11.

ఈ చివరిది చిన్న పొరపాటు కాదు. గ్రామఫోన్ కంపెనీ వారు స్టాంపర్ (రికార్డును అచ్చొత్తే లోహపు అచ్చు) సంఖ్యను GRAMOPHLTD అన్న పది అక్షరాలతో వేసేవారు: G అంటే 1, R అంటే 2, అలా చివరి D అంటే 0. H అంటే 7. దాన్ని 11 అని చదివితే లెక్కంతా తప్పుతుంది. T, L రెండూ ఒట్టి నిలువుగీతలుగా మిగిలిపోతాయి. నంబరు పక్కనుండే చిన్న త్రికోణానికీ అడుగుగీత ఇలాగే పోతుంది. 1925లో మొదలైన విద్యుత్ రికార్డింగుకు గుర్తు అది, గీతే కదా అని వదిలేయకండి.

నేనైతే టార్చిని కదపను. రికార్డు ఎత్తుకు సరిగ్గా ఒక పుస్తకం మీద పడుకోబెట్టి, రికార్డునే పావు చుట్టు చొప్పున తిప్పుతాను.

అభ్యాసం: పది రికార్డులు, రెండు వైపులూ, చీకటి గదిలో. ఒక్కో వైపుకు నాలుగు దిక్కుల వెలుతురు, దిక్కుకొక కాగితం. కనబడినదే రాయండి, కనబడని చోట చుక్క పెట్టండి. ముందు రాసిన కాగితం బోర్లించాకే తర్వాతిది రాయాలి. నాలుగింటినీ మర్నాడు పక్కపక్కన పెట్టి చూడండి.