సెల్చుక్‌లో ముందు కొండెక్కండి

టర్కీలో ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలు చూడ్డానికి వెళ్లేవాళ్లు చాలామంది పక్కనే ఉన్న సెల్చుక్ ఊళ్లో ఆగకుండానే వెనక్కి వచ్చేస్తారు. దయచేసి ఒక పూట ఆ ఊరికి ఉంచుకోండి.

ముందు అయాసులుక్ కొండ మీదున్న సెయింట్ జాన్ బసిలికాకి వెళ్లండి. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన చర్చి అది. అక్కడ నైరుతి వైపు నిలబడి చూస్తే కింద 1375 నాటి ఈసా బే మసీదు, ఆ అవతల పల్లంలో గ్రీకు దేవత ఆర్టెమిస్ గుడి స్తంభం కనిపిస్తాయి. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన గుడికి నిలబడి ఉన్నది ఆ ఒక్క స్తంభమే, అదీ దొరికిన ముక్కలు పేర్చి నిలిపింది. నేరుగా అక్కడికే వెళ్తే నిరాశ తప్పదు. పైనుంచి మూడు మతాల కట్టడాలూ ఒకేసారి చూశాక వెళ్తే ఆ చోటు విలువ తెలుస్తుంది.

దిగుతూ మసీదులోకి వెళ్లండి. లోపలి గ్రానైట్ స్తంభాలు పాత ఎఫెసస్ కట్టడాలవే. అక్కడ ఇప్పటికీ నమాజు జరుగుతుంది కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం వద్దు. ఆడవాళ్లు తల మీదకి చున్నీ తీసుకెళ్తే టెన్షన్ ఉండదు. ఆర్టెమిస్ పాలరాతి విగ్రహాలు మాత్రం ఊళ్లోని మ్యూజియంలో ఉన్నాయి, నడిచే వెళ్లొచ్చు.