స్పీడ్ టెస్టులో అంతా బాగుంది, గేమ్ మాత్రం తడబడుతోంది: లాగ్ ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

గోడ చాటుకి వెళ్లిపోయాక కూడా తూటా తగులుతుంది. ఎదుటివాడు ఇక్కడ మాయమై అక్కడ తేలతాడు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ చేయమంటారు. అది 100 ఎంబీపీఎస్ చూపిస్తుంది. ఇక "మా వైపు ప్రాబ్లం లేదు" అని పెట్టేస్తారు, లేదంటే ఇంకా పెద్ద ప్లాన్‌కి మారమంటారు. ఆ పెద్ద ప్లాన్ చాలాసార్లు డబ్బు దండగే. మామూలు షూటింగ్ గేమ్ ఆడుతున్నప్పుడు సాధారణంగా 1 ఎంబీపీఎస్ కూడా వాడదు. దానికి కావలసింది ప్రతి చిన్న ప్యాకెట్ (డేటా ముక్క) వేళకి వెళ్లి వేళకి రావడం. స్పీడ్ టెస్టులోని ఆ పెద్ద అంకె దీని గురించి ఏమీ చెప్పదు.

ముందు: ఇది నెట్ సమస్యేనా?

గేమ్‌లో ఒకచోట నిలబడి కెమెరాను గుండ్రంగా తిప్పండి. దాదాపు అన్ని గేముల్లో కెమెరా కదలికను మీ మెషినే లెక్కిస్తుంది, సర్వర్ కాదు. తిప్పేటప్పుడు బొమ్మే కుదుపులుగా వస్తుంటే అది ఫ్రేమ్ డ్రాప్: గ్రాఫిక్స్ సెట్టింగులు, వేడి, వెనకాల నడుస్తున్న ప్రోగ్రాములు చూసుకోవాలి. రౌటర్‌ని తిట్టి లాభం లేదు. బొమ్మ సాఫీగానే ఉండి, బటన్ నొక్కిన కాసేపటికి కదులుతుంటే టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, గేమ్‌లో వీసింక్ (ఫ్రేములను తెర వేగానికి జతచేసే సెట్టింగు) తీసి చూడండి. కెమెరా నున్నగా తిరుగుతూ మిగతా ఆటగాళ్లు గెంతుతుంటేనో, తలుపులు ఆలస్యంగా తెరుచుకుంటుంటేనో అప్పుడు అది నెట్. క్లౌడ్ గేమింగ్‌కి ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ బొమ్మ మొత్తం నెట్ మీదే వస్తుంది.

రెండు కిటికీల పరీక్ష

ఒక్క పింగ్ అంకె (ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) చూస్తే ఏమీ తేలదు. మీ గదికీ రౌటర్‌కీ మధ్య ఎంత, రౌటర్ దాటాక ఎంత అన్నది విడివిడిగా కొలవాలి.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కమాండ్ ఇస్తే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబరు కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది. అదే మీ రౌటర్. ఇప్పుడు పింగ్ (ping) కమాండ్‌కి ఆ నంబరిచ్చి, చివర ఖాళీ వదిలి, మైనస్ గుర్తు, దానికి ఆనించి టీ అక్షరం పెట్టండి. మీరు ఆపేదాకా అది నడుస్తూనే ఉంటుంది. మ్యాక్‌లో ఆ చివరి అక్షరం అక్కర్లేదు. ఇంకో కిటికీలో ఇలాగే 1.1.1.1 కి గానీ 8.8.8.8 కి గానీ (ఇవి ఇంటి బయట, ఇంటర్నెట్‌లో ఉన్న పబ్లిక్ సర్వర్లు) పెట్టండి. రెంటినీ పక్కపక్కన ఉంచి, గేమ్ తడబడే వేళలోనే, ఓ పది నిమిషాలు నడవనివ్వండి. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగి, ఎన్ని ప్యాకెట్లు పోయాయో లెక్క చూపిస్తుంది.

రౌటర్‌కి కేబుల్‌తో కలిపి ఉంటే మొదటి కిటికీలో 1 మిల్లీసెకను లోపే రావాలి. వైఫై అయితే 2 నుంచి 5, అప్పుడప్పుడూ 10, 15 దాకా ఫరవాలేదు. రౌటర్ కిటికీలోనే 80, 200 అని ఎగురుతుంటే దోషం వైఫైది. బయటి లైన్ జోలికి ఇంకా వెళ్లొద్దు. రౌటర్ నిలకడగా ఉండి బయటి కిటికీ ఎగురుతుంటే లైన్‌లోనో, ఇంట్లోంచి బయటికి వెళ్లే క్యూలోనో తేడా ఉంది. రెండూ నిలకడగా ఉండి గేమ్ మాత్రమే పాడైతే అది గేమ్ సర్వర్, లేదా అక్కడికి వెళ్లే దారి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటుంది. కొన్ని రౌటర్లు తమకొచ్చిన పింగ్‌కి తీరిగ్గా జవాబిస్తాయి, ఎందుకంటే వాటి ప్రాసెసర్‌కి అది అన్నిటికన్నా తక్కువ ముఖ్యమైన పని. అందుకే రౌటర్ కిటికీలో ఒక్కటి ఎగిరిందని తీర్పు ఇచ్చేయకండి. అదే క్షణంలో బయటి కిటికీ కూడా ఎగిరితేనే లెక్క.

అసలు దొంగ: అప్‌లోడ్ క్యూ

రెండు కిటికీలూ నడుస్తుండగా వేరే ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియోని క్లౌడ్‌లోకి ఎక్కించండి. రౌటర్ పింగ్ కదలకుండా, బయటి పింగ్ 20 నుంచి 300కో 800కో వెళితే రోగం దొరికినట్టే. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010-11 ప్రాంతంలో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు.

లెక్క చిన్నదే. మీ అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్, మోడెమ్‌లోని బఫర్ (ప్యాకెట్లు వంతు కోసం ఆగే చోటు) 1 మెగాబైట్ అనుకుందాం. 1 మెగాబైట్ అంటే 8 మెగాబిట్లు. అది నిండితే ఖాళీ అవడానికి 8ని 5తో భాగిస్తే వచ్చే 1.6 సెకన్లు పడుతుంది. ఆ సమయంలో మీ గేమ్ ప్యాకెట్ ఇరుకు సందులో లారీల వెనకాల ఇరుక్కున్న సైకిల్. స్పీడ్ టెస్ట్ మాత్రం లారీల బరువు తూచి "భేష్" అంటుంది.

మందు పేరు ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్), అంటే రౌటర్‌లో క్యూని అదుపులో పెట్టే సెట్టింగు. పెద్ద క్యూ పేరుకోనివ్వని కోడెల్ పద్ధతిని 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ ప్రచురించారు. ఒక్కో కనెక్షన్‌కి విడి వరస ఇచ్చే ఎఫ్‌క్యూ కోడెల్, ఆ తర్వాత వచ్చిన కేక్ దీని వారసులే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (కంపెనీది తీసి రౌటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకోగల రౌటర్లలో దాదాపు అన్నిటికీ ఇవి దొరుకుతాయి. కొన్ని కంపెనీ రౌటర్లలోనూ స్మార్ట్ క్యూ లాంటి పేర్లతో ఉంటాయి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ అంకెలు మనల్ని నింపమని అడిగే క్యూఓఎస్‌నే (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో తేల్చే సెట్టింగు) నమ్మండి. "ఈ ఫోన్‌కి ప్రాధాన్యం" అనే టిక్కు మాత్రమే ఉంటే దానివల్ల ఒరిగేది తక్కువ.

ఇంట్లో ఎవరూ నెట్ వాడని వేళ, కేబుల్ మీద, స్పీడ్ టెస్ట్ మూడుసార్లు చేయండి. వచ్చినవాటిలో తక్కువ అంకె తీసుకుని, దానిలో 90 శాతం లెక్కగట్టండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కేబీపీఎస్‌లో అడుగుతుంది కాబట్టి డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20 వస్తే 90000, 18000 అని రాయాలి. క్యూ పద్ధతిగా కేక్ ఎంచుకోండి. ప్యాకెట్ ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కి లైన్ మీద అదనంగా తగిలే బైట్లు) ఎంతో తేలకపోతే 44 పెట్టండి. కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు, తక్కువ పెడితేనే క్యూ మళ్లీ పుడుతుంది. సేవ్ చేసి, అప్‌లోడ్ పరీక్ష మళ్లీ చేయండి. లోడ్ మీద పింగ్ మామూలుకంటే 10, 20 మిల్లీసెకన్లకు మించి పెరగకపోతే పని అయినట్టే. ఇంకా పెరుగుతుంటే 85, 80 శాతానికి దించండి.

పది శాతం స్పీడ్ వదులుకోవడం చాలామందికి మింగుడుపడదు. కానీ కిటుకంతా అందులోనే ఉంది: క్యూ మోడెమ్‌లో కాకుండా, మన అదుపులో ఉన్న రౌటర్‌లో తయారవ్వాలంటే రౌటర్ మోడెమ్ కన్నా నెమ్మదిగా పంపాలి. ఇంకో చిక్కు, ఈ పనికి రౌటర్ ప్రాసెసర్ బాగా కష్టపడాలి. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ (ప్యాకెట్లను ప్రాసెసర్‌కి చూపకుండా దాటించే సదుపాయం) ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ఎస్‌క్యూఎంని తప్పించుకుపోతాయి కాబట్టి దాన్ని ఆపాలి. ఆపాక, చిన్న ప్రాసెసర్ ఉన్న రౌటర్ 500 ఎంబీపీఎస్ లైన్‌ని మోయలేక మీరు పెట్టిన అంకె కన్నా కిందే ఆగిపోవచ్చు. అలాంటప్పుడు అప్‌లోడ్ ఒక్కదానికే పెట్టుకున్నా బాధ చాలావరకు తగ్గుతుంది. డౌన్‌లోడ్ గడిలో సున్నా వేస్తే ఆ వైపు ఎస్‌క్యూఎం ఆగిపోతుంది.

రౌటర్ మార్చే వీలు లేదా? నింపేవాటిని కట్టడి చేయండి. ఫోన్లలో ఫోటో బ్యాకప్‌ని, వీలుంటే, చార్జింగ్‌లో ఉన్నప్పుడే జరిగేలా పెట్టండి. క్లౌడ్ డ్రైవ్ ప్రోగ్రాముల్లో అప్‌లోడ్ పరిమితి ఉంటే మీ అప్‌లోడ్‌లో సగానికి కుదించండి. స్టీమ్‌లో డౌన్‌లోడ్స్ సెట్టింగుల్లోకి వెళ్లి గేమ్ ఆడుతుండగా డౌన్‌లోడ్లు జరగకుండా ఆపండి. విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటుంది. ఇంటర్నెట్‌లోని పరాయి కంప్యూటర్లతో పంచుకునేలా పెట్టి ఉంటే, మీ కంప్యూటర్‌లోని అప్‌డేట్ ఫైళ్లను మీ అప్‌లోడ్ మీద వాళ్లకు పంచిపెడుతుంది. ఆపేయండి.

దోషం వైఫైదని తేలితే

కేబుల్ లాగండి. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ మోస్తుంది. క్యాట్ 8 అని రాసి ఎక్కువ ధరకు అమ్మేది ఇంట్లో గేమింగ్‌కి అనవసరం. కేబుల్ పెట్టాక లింక్ 1000 బదులు 100 ఎంబీపీఎస్ అని చూపిస్తే పోర్టులు గిగాబిట్‌వే అయితే లోపలి నాలుగు జతల తీగల్లో ఒకటి తెగి ఉండొచ్చు, లేదా పిన్ను వంగి ఉండొచ్చు. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి.

కేబుల్ వీలుకాకపోతే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. 2.4 మీదే ఉండక తప్పకపోతే 20 మెగాహెర్ట్జ్ వెడల్పు, 1, 6, 11 చానెళ్లలో ఒకటి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి ఎవరైనా ఏదైనా వేడి చేస్తుండగా పింగ్ పాడైతే ఆశ్చర్యపోకండి. అంతగా ఎవరూ అనుమానించనిది యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్: అది 2.4 మీద రొద పుట్టిస్తుంది. వైఫై డాంగిల్‌నీ డిస్క్‌నీ పక్కపక్క పోర్టుల్లో పెట్టకుండా, డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరపండి.

వైఫై అంతా బాగుంటూ, అప్పుడప్పుడూ నిమిషం పాటు పూర్తిగా పోతోందా? రౌటర్ 52 నుంచి 144 మధ్య చానెల్‌లో ఉందేమో చూడండి. అవి రాడార్‌తో పంచుకునే చానెళ్లు. రాడార్ లాంటిది వినిపిస్తే రౌటర్ ఆ చానెల్ ఖాళీ చేసి తీరాలి. అలాంటి ఇంకో చానెల్‌కి వెళితే కనీసం 60 సెకన్లు విని గానీ ప్రసారం మొదలుపెట్టకూడదు. ఆటో తీసేసి 36 నుంచి 48 లోపు పెట్టండి. అలా కాక, లాప్‌టాప్‌లో గడియారం కొట్టినట్టు సమాన వ్యవధిలో పింగ్ ఎగురుతుంటే అది వెనకాల చుట్టుపక్కల నెట్‌వర్కులు వెతుకుతోందన్నమాట. లొకేషన్ సేవలు ఆపి చూడండి.

పింగ్ బాగుంది, గేమ్ పార్టీ చాట్‌లో మాట వినబడదు

ఇది ఎన్‌ఏటీ (ఇంట్లోని పరికరాలన్నీ ఒకే ఇంటర్నెట్ చిరునామా పంచుకునేలా రౌటర్ చేసే మార్పిడి) తగాదా. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపున్న చిరునామా) చూడండి. అది 192.168తోనో 10తోనో మొదలైతే సాధారణంగా ఇంట్లోనే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టు: మొదటిదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ని మాత్రమే అందించేలా) పెట్టించండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీ ప్రొవైడరే అనేకమందిని ఒకే చిరునామా వెనక పెట్టాడు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చేవాటికి రౌటర్‌లో దారి తెరవడం) ఎంత చేసినా వృథా, పబ్లిక్ ఐపీ గానీ ఐపీవీ6 గానీ అడగాలి. ఈ రెండూ కాకపోతే యూపీఎన్‌పీ (గేమ్ అడిగిన దారులను రౌటర్ తానే తెరిచే సెట్టింగు) ఆన్ చేసి కన్సోల్ రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

దూరాన్ని ఏ రౌటరూ తగ్గించలేదు

ఫైబర్‌లో కాంతి ఒక మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 5,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 50 మిల్లీసెకన్లు కనీస సుంకం. గేమ్‌లో సర్వర్ రీజియన్ ఆటోలో ఉంటే చేత్తో దగ్గరిది ఎంచుకోండి. "పింగ్ సగానికి తగ్గిస్తాం" అనే బూస్టర్ యాప్‌లు, వీపీఎన్‌లు పనిచేసేది ప్రొవైడర్ మీ ప్యాకెట్లను చుట్టుదారిలో పంపుతున్నప్పుడు మాత్రమే. ఉచిత ట్రయల్‌లో తేడా కనిపించకపోతే డబ్బు కట్టాక కూడా కనిపించదు.

ప్రొవైడర్‌కి ఏం పంపాలి

కేబుల్ మీద తీసిన రెండు కిటికీల ఫలితాలు, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, టైముతో సహా. రౌటర్ వైపు నష్టం సున్నా, బయట 2 శాతం అని కాగితం మీద కనిపిస్తే "మీ వైఫై ప్రాబ్లం" అనే జవాబుకి చోటుండదు. ట్రేసర్ట్ (ప్యాకెట్ దారిలోని ఒక్కో రౌటర్‌నీ చూపే tracert కమాండ్) ఫలితం కూడా జతచేయవచ్చు గానీ, మధ్యలో ఒక మజిలీ 150 చూపించి చివరిది 30 చూపిస్తే దాన్ని ఎత్తి చూపకండి. ఆ మధ్య రౌటర్ మీకు జవాబివ్వడంలోనే బద్ధకించింది, మోయడంలో కాదు.

ఫైబర్ లైన్ అయితే ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ (దానికి అందుతున్న కాంతి బలం) కూడా చూడండి. ఇళ్లకిచ్చే సాధారణ జీపాన్ రకం ఫైబర్ పరికరాలకి −8 నుంచి −27 డీబీఎం దాకా హద్దు. −25 దాటి కిందికి జారితే ముందు ఓఎన్‌టీ వెనకున్న సన్నని తీగ ఎక్కడైనా బిగుతుగా మెలిపడిందేమో చూసి వదులు చేయండి. అంకె మారకపోతే టెక్నీషియన్‌ని పిలిచి, కనెక్టర్ శుభ్రం చేయించి, ఆయన వెళ్లేలోపే ఆ అంకె మళ్లీ చదివించుకోండి.