ఇంటి స్టోరేజ్ సర్వర్‌కు క్యాష్: ముందు ర్యామ్, ఆ తర్వాతే ఎస్‌ఎస్‌డీ

డిస్కుల్లో డేటాను నిర్వహించే జడ్‌ఎఫ్‌ఎస్ (ZFS) ఫైల్ సిస్టమ్ మీద నడిచే సర్వర్ నెమ్మదించిందని ఎస్‌ఎస్‌డీ కొనే ముందు, ఆలస్యం డిస్కుల దగ్గరా, నెట్‌వర్క్ దగ్గరా అన్నది తేల్చుకోవాలి. గిగాబిట్ కేబుల్ సెకనుకు సుమారు 115 మెగాబైట్లే మోయగలదు. పెద్ద ఫైళ్లను వరుసగా చదివేటప్పుడు మామూలు హార్డ్ డిస్క్ ఒక్కటే ఆ వేగాన్ని అందుకుంటుంది కాబట్టి, సినిమాలు చూడటానికే వాడే సర్వర్‌కు ఏ క్యాష్ (తరచూ వాడే డేటాను దగ్గర ఉంచి వేగంగా అందించే చోటు) పెట్టినా తేడా కనిపించదు.

చిన్న ఫైళ్లు, వర్చువల్ మెషీన్లు (ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేర్వేరు కంప్యూటర్లు) ఎక్కువగా ఉంటే, రోజువారీ పని నడుస్తుండగా జడ్‌ఎఫ్‌ఎస్ ర్యామ్‌లో ఉంచుకునే క్యాష్ (ఆర్క్) పనితీరును చూపే ‘ఆర్క్‌స్టాట్’ ఆదేశం ఇచ్చి చూడండి. హిట్ శాతం (అడిగిన డేటా క్యాష్‌లోనే దొరికిన శాతం) నిలకడగా 95 దాటి ఉంటే, చదివే వైపు క్యాష్ పెంచినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. బాగా తక్కువగా ఉంటే మొదట ర్యామ్ పెంచాలి. ఎల్‌2ఆర్క్‌గా, అంటే ర్యామ్ తర్వాత రెండో అంచె క్యాష్‌గా, పెట్టే ఎస్‌ఎస్‌డీ కూడా తన సూచిక కోసం ర్యామ్‌నే వాడుకుంటుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌కు 1 టీబీ ఎల్‌2ఆర్క్ తగిలించడం, నా దృష్టిలో, డబ్బు దండగ.

రాతల సంగతి వేరు. స్లాగ్, అంటే రాతలను ముందుగా నమోదు చేసుకునే ప్రత్యేక ఎస్‌ఎస్‌డీ, సింక్ రాతలకు (భద్రంగా చేరాయన్న జవాబు వచ్చేదాకా ఆగే రాతలకు) మాత్రమే పనికొస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఒక పద్ధతి) మీద వర్చువల్ మెషీన్లు నడిపేవారికి మేలు స్పష్టంగా తెలుస్తుంది గానీ, విండోస్ షేరింగ్‌లో ఫోటోలు కాపీ చేసేవారికి సాధారణంగా తెలియదు. జడ్‌ఎఫ్‌ఎస్ దాదాపు 5 సెకన్లకోసారి రాతలను డిస్కులకు దింపుతుంది కనుక గిగాబిట్ ఇంటికి 16 జీబీ స్లాగ్ ధారాళంగా సరిపోతుంది. అందువల్ల సైజు కన్నా, కరెంటు పోయినా రాతను పూర్తిచేసే కెపాసిటర్లు ఆ ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయో లేదో చూసి కొనాలి.

వేల ఫైళ్లున్న ఫోల్డర్లు తెరవడమే ఆలస్యమైతే, మెటాడేటాను (ఫైళ్ల పేర్లు, సైజుల వంటి వివరాలను) ఎస్‌ఎస్‌డీ మీద ఉంచే స్పెషల్ విడెవ్ అనే ఏర్పాటు ఉంది. ఎల్‌2ఆర్క్ చెడిపోతే డేటాకు నష్టం లేదు. స్పెషల్ విడెవ్ చెడిపోతే పూల్ (డిస్కులన్నీ కలిసిన నిల్వ) మొత్తం పోతుంది కనుక, రెండు ఎస్‌ఎస్‌డీలను మిర్రర్‌గా (ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా) పెట్టగలిగితేనే దీని జోలికి వెళ్లాలి.